సార్జెంటు పాతబడ్డాడు, పారెయ్యండి

2001 వేసవి సెలవుల్లో తాడేపల్లిగూడెం నుంచి అద్దెకు తెచ్చిన వీసీడీ అది. రెండు డిస్కులు, రోజుకి పది రూపాయలు. అట్ట మీద కర్ట్ రస్సెల్ కండలు చూసి తెచ్చాను తప్ప సినిమా గురించి నాకేమీ తెలియదు. పేరు ‘సోల్జర్’. అప్పట్లో మా ఇంట్లో ఇంగ్లీషు సినిమా పెడితే పది నిమిషాల్లో గది ఖాళీ అయ్యేది. నాన్న పేపరు తీసుకుని అరుగు మీదకి, అమ్మ వంటింట్లోకి. ఆ రోజు బాబాయి మాత్రం కదల్లేదు. మొదటి డిస్కు అయిపోగానే లేచిపోతాడనుకున్నాను. "పెట్టరా, ఆపేశావేంటి" అన్నాడు.

ఎందుకు కూర్చున్నాడో తర్వాత అర్థమైంది. ఆ సినిమాలో హీరో మాట్లాడడు. మొత్తం మీద కర్ట్ రస్సెల్ పలికేవి 104 మాటలని లెక్కపెట్టినవాళ్ళు అంటారు. వాటిలోంచి ‘సర్’లు తీసేస్తే మిగిలేవి ఇంకా తక్కువ. మిలిటరీలో పద్దెనిమిదేళ్ళు చేసి వచ్చిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషుకి డిక్షనరీ అక్కర్లేదు.

కథ గబగబా చెప్పేస్తాను. 1996లో కొంతమంది అనాథ పసికందుల్ని ఆసుపత్రి ఉయ్యాలల్లోంచే ఏరి తీసుకెళ్ళి సైనికులుగా పెంచుతారు. పెంచడమంటే, పరుగులో వెనకబడ్డ పిల్లాణ్ణి అక్కడే కాల్చి పారేయడం. మిగిలినవాళ్ళకి యుద్ధం తప్ప ఇంకో లోకం తెలియదు. వాళ్ళలో ఒకడు సార్జెంట్ టాడ్, రస్సెల్ వేసిన హీరో. 2036 వచ్చేసరికి అతనికి నలభై ఏళ్ళు. పేరు పక్కన 3465 అని నంబరు. అప్పుడు కల్నల్ మేకమ్ అనే ఆఫీసరు కొత్త సరుకుతో దిగుతాడు. జన్యువుల దగ్గర్నుంచి కొలిచి తయారుచేసిన సైనికులు. పాత జట్టుని నడిపే కెప్టెన్ చర్చికీ ఇతనికీ పంతం, పంతం మీద పరీక్ష. ముగ్గురు పాతవాళ్ళ మీదకి ఒకే ఒక్క కొత్తవాడు, కేన్ 607. గొలుసులు పట్టుకుని ఎక్కుతూ కొట్టుకుంటారు. టాడ్ కేన్ కన్నొకటి పీకేసి, తనూ అంత ఎత్తునుంచి పడిపోతాడు. కింద తోటివాడి శవం ఉండటంతో ప్రాణం నిలుస్తుంది. లెక్కలో మాత్రం ముగ్గురూ చచ్చిపోయారు. చెత్తతో పాటు ఓడలో వేసి, ఆర్కేడియా 234 అనే గ్రహం మీద కుమ్మరించేస్తారు. ఆ గ్రహమే ఒక డంపింగ్ యార్డు.

అక్కడికి వచ్చేసరికి నేను కుర్చీ అంచున ఉన్నాను, ఇక వీడు లేచి అందర్నీ ఉతికేస్తాడని. బాబాయి అడిగింది ఇంకోటి.

"మిగతావాళ్ళనేం చేశార్రా?"

మిగతావాళ్ళెవరు అన్నాను. నిజంగా నాకు తట్టలేదు.

"వాడి జట్టు. పడిపోనోళ్ళు."

రిమోట్‌తో వెనక్కి తిప్పి చూశాం. బతికున్న పాతవాళ్ళ చేతుల్లోంచి తుపాకులు తీసేసుకుని, మోతపనికీ చిల్లర పనులకీ వేశారు. ఒకటి రెండు షాట్లు, అంతే. బాబాయి తలాడించి "అదీ, అది కరెక్టుగా తీశాడు" అన్నాడు.

ఆ తర్వాత ఆ సినిమాని నాలుగైదు సార్లు చూశాను, దాని గురించి దొరికిందల్లా చదివాను. ఆ ఒక్క ప్రశ్నకి మించిన విమర్శ నాకింకా కనిపించలేదు. ఈ వ్యాసం మొత్తం దానికి వేస్తున్న వడ్డీ.

సినిమా ఘోరంగా పోయింది. 1998 అక్టోబరులో విడుదలైంది. ఖర్చు 6 కోట్ల డాలర్లు, అమెరికా థియేటర్లలో కోటిన్నర కూడా రాలేదు. దర్శకుడు పాల్ ఆండర్సన్‌ని విమర్శకులు ఉతికి ఆరేశారు. హీరో చెక్కముక్కలా ఉన్నాడన్నారు. పాత కౌబాయ్ కథకి రోదసి రంగు పూశారన్నారు. రెండో మాటకి అడ్డు చెప్పలేను. భర్త, భార్య, చిన్న పిల్లాడు, ఎక్కణ్ణించో వచ్చిపడ్డ యోధుడు. 1953 నాటి ‘షేన్’ చూసినవాళ్ళకి వరసలన్నీ ఇట్టే కలిసిపోతాయి. వేరేచోట స్థిరపడదామని బయల్దేరి, చెత్తగ్రహం మీద దారితప్పి దిగిన కాలనీవాళ్ళు కూడా పండగ నాటకంలో గ్రామస్తుల్లా గుంపుగా నిలబడి, గుంపుగా భయపడుతుంటారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. మొదటి మాట మాత్రం ఒప్పుకోను. ఆ చెక్కముక్కదనమే సినిమా చెప్పదలచుకున్న సంగతి. మనిషిని పనిముట్టుగా చేశాక ముఖంలో నటన ఎక్కణ్ణించి వస్తుంది? రస్సెల్ ఆ ముఖాన్ని పట్టుకున్న తీరు చూడండి. కాలనీవాళ్ళు అతన్ని వెళ్ళగొట్టాక ఒంటరిగా కూర్చుంటాడు. కంట్లోంచి నీళ్ళు వస్తాయి. తుడుచుకుని, ఇదేం కారుతోంది అన్నట్టు చూసుకుంటాడు. పైపు లీకైందేమో చూసే మెకానిక్‌లా.

రాసినవాడు డేవిడ్ వెబ్ పీపుల్స్. ఈయన పేరు తెలిస్తే సినిమా ఇంకోలా కనబడుతుంది. 1982 నాటి ‘బ్లేడ్ రనర్’ స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకడు. అందులో తయారుచేసిన మనుషులకి ఆయుష్షు నాలుగేళ్ళు. ‘సోల్జర్’ కూడా అదే లోకంలో జరిగిందని ఆయన ఉద్దేశం. టాడ్ పాల్గొన్న యుద్ధాల జాబితాలో ఆ పాత సినిమా పేర్లు కనబడతాయి. చెత్తకుప్పల మధ్య అందులోని ఎగిరే కారు తుక్కు కూడా ఒకచోట పడుంటుంది. 1992లో వచ్చి, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న ‘అన్‌ఫర్‌గివెన్’ కథా ఈయనదే. అందులో ఒకప్పటి హంతకుడు పందులు పెంచుకుంటూ, గుర్రం ఎక్కబోయి పడిపోతుంటాడు. అంటే పీపుల్స్‌కి జీవితమంతా ఒకటే దురద. చంపడానికే పనికొచ్చే మనిషిని గడువు తీరిపోయాక ఏం చేస్తారు?

ఇంత మంచి ప్రశ్న పట్టుకుని సినిమా ఇచ్చే జవాబు మాత్రం నాకు నచ్చదు. ఇక్కడే నాకూ నా స్నేహితుడికీ ఇరవై ఏళ్ళుగా గొడవ. వాడికి ఈ సినిమా ప్రాణం. "ఓల్డ్ ఈజ్ గోల్డ్ అని ఇంతకంటే బాగా ఎవడు తీశాడు?" అంటాడు. రెండో సగంలో మేకమ్ కొత్త సైనికుల్ని ప్రాక్టీసు కోసం అదే గ్రహానికి తెస్తాడు. రికార్డుల్లో ఆ గ్రహం మీద మనుషులు లేరు. కనబడ్డ కాలనీవాళ్ళనే శత్రువులని రాసుకుని వేట మొదలుపెడతాడు. టాడ్ ఒక్కడే, గాలిదుమారాల్లో, చెత్తకుప్పల చాటునుంచి ఆ ఆధునిక సైనికులందర్నీ ఒక్కొక్కణ్ణే లేపేస్తాడు. చివర్లో వానలో కేన్‌తో మల్లయుద్ధం. టాడ్ గెలుస్తాడు. ఈల వెయ్యబుద్ధేస్తుంది, నేనూ వేశాను. తలనెరిసిన హీరో మూలపడేసిన కత్తి మళ్ళీ తీస్తే మన థియేటర్లలో కాగితాలు ఎగరేస్తాం కదా, అదే ఆనందం.

కానీ చూడండి, ఆ ఆనందంలో ఒక మెలిక ఉంది. పాతవాడు కొత్తవాణ్ణి కొట్టాడు కాబట్టి పారేయడం తప్పయిందా? ఒకవేళ టాడ్ ఓడిపోతే? కేన్ నిజంగానే వాడికంటే బలవంతుడై, వేగస్తుడై ఉంటే (మొదటి పోటీలో అలాగే ఉన్నాడు) అప్పుడు చెత్తలో పడెయ్యడం సబబేనా? సినిమా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి పక్కకి తప్పుకుంటుంది. మేకమ్ వేసిన కొలబద్దనే తీసుకుని, దాని మీద టాడ్‌కి ఎక్కువ మార్కులు వేసి, చూశారా అంటుంది. కొలబద్ద మాత్రం అక్కడే ఉంది. రేపు కేన్ కంటే మంచి సరుకు వస్తే మళ్ళీ అదే గొలుసులు, అదే పోటీ. నా స్నేహితుడికి నా అభ్యంతరం ఇంతే. వాడు "నీకు ఫైటు ఎంజాయ్ చెయ్యడం రాదు" అని ఫోన్ పెట్టేస్తాడు.

పాతదంతా పవిత్రం అని కూడా నేననను. పసితనంలోనే లాక్కెళ్ళి సైనికులుగా పెంచడం పీపుల్స్ ఊహలోంచి ఊడిపడిందేం కాదు. ఒట్టోమన్ సుల్తానులు బాల్కన్ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లోంచి మగపిల్లల్ని తీసుకెళ్ళి, మతం మార్చి, జానిసరీలనే దళంగా తయారుచేసేవారు. ఒకప్పుడు యూరప్ వాళ్ళ పేరు వింటే వణికింది. తర్వాత్తర్వాత వాళ్ళే వ్యాపారాల్లోకి దిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, కొడుకుల్ని దళంలో పెట్టుకుని, కొత్త పద్ధతి సైన్యం అన్న సుల్తానునల్లా దించేసే స్థాయికి వచ్చారు. చివరికి 1826 జూన్‌లో రెండో మహమూద్ ఇస్తాంబుల్‌లో వాళ్ళ బ్యారక్‌ల మీదకి ఫిరంగులు తిప్పాడు. వేలమంది చచ్చారు. దళాన్నే రద్దు చేశాడు. ఆ ఊచకోతకి వాళ్ళ చరిత్రలో పెట్టుకున్న పేరు ‘శుభ ఘటన’. జానిసరీల మీద నాకు జాలేమీ లేదు. కొత్త సైన్యం రావడం కూడా తప్పు కాదు. పాత వ్యవస్థని తీసెయ్యాల్సిందే. కానీ వ్యవస్థని తీసెయ్యమంటే అందులోని మనుషుల్ని తీసెయ్యడమని అర్థం చేసుకునేవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉంటారు. దానికి శుభం అని పేరు పెట్టేవాళ్ళు కూడా.

మా బాబాయి సంగతికి వస్తాను. మాది మాధవరానికి దగ్గర్లో ఊరు. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు అది. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకి కూడా తగిలింది. బాబాయి 1976లో పందొమ్మిదో ఏట భర్తీ అయ్యాడు. సిగ్నల్స్, అంటే సైన్యంలో కబుర్లు అందించే విభాగం. జబల్‌పూర్‌లో ట్రైనింగ్. అక్కడ నేర్పింది మోర్స్ కోడ్. చెవికి ఫోన్లు పెట్టుకుని, అవతల నుంచి అక్షరాలకి గుర్తుగా వచ్చే పొట్టి, పొడుగు చప్పుళ్ళు, అంటే డిట్‌లూ డాలూ వింటూ పెన్సిలుతో రాసుకుంటూ పోవడం. బాగా వచ్చినవాడు అక్షరాల్ని విడిగా వినడట, మాటలే వింటాడట. "పంపేవాడెవడో కూడా చేతివాటం బట్టి తెలిసిపోద్దిరా, దస్తూరీ లాగ" అనేవాడు. మంచు కొండల్లో ఎక్కడో కూర్చుని, ముఖం చూడని ఒక మదరాసు హవల్దారుని చేతివాటంతోనే గుర్తుపట్టి, ఒకరోజు ఆ దస్తూరీ మారిపోతే "వీడికి ఒంట్లో బాలేదు" అని తోటివాళ్ళకి చెప్పాడట. అది నిజమేనని తర్వాత తెలిసిందట. ఇది వందసార్లు విన్నాను. వందసార్లూ మంచు, మదరాసు మారలేదు కాబట్టి నమ్ముతాను.

కొత్త సెట్లు వచ్చాయి. మీట నొక్కే పని తగ్గి, మాట్లాడే పని పెరిగింది, తర్వాత అదీ మిషన్లే చూసుకోసాగాయి. బాబాయిని స్టోర్స్‌కి వేశారు. కేబుళ్ళ చుట్టలు లెక్కపెట్టడం, రిజిస్టరు రాయడం. ఎవరూ అవమానించలేదు. "నువ్వు సీనియర్‌వి, నీకు తేలిక పని" అన్నారు. 1994లో హవల్దారుగా బయటికి వచ్చేశాడు. వయసు ముప్పైఏడు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. ఆ వరసలోనే. ఇప్పటికీ పోస్టుమాను పేరడిగితే నంబరు నోటిదాకా వచ్చి ఆగడం చూశాను. దేశాల మధ్య తిరిగే పెద్ద ఓడలు 1999 ఫిబ్రవరి 1 నుంచి ప్రమాద సంకేతాలకి మోర్స్‌ని వదిలేసి ఉపగ్రహాలూ కొత్త రేడియోలూ వాడే పద్ధతికి మారాయి. ఆ రోజు బాబాయి రాజమండ్రిలో ఒక ఫైనాన్స్ ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంటాడు.

ఆ ఉద్యోగం ఎలా పోయిందో చెప్పాలి. లోపలికి వచ్చేవాళ్ళు రిజిస్టర్లో సంతకం పెట్టాలని ఓనరే రూలు పెట్టాడు. ఒకరోజు ఓనరు బావమరిది వచ్చాడు. బాబాయి రిజిస్టరు చాపాడు. ఆయన నవ్వి, భుజం తట్టి లోపలికి పోబోయాడు. బాబాయి అడ్డంగా నిలబడ్డాడు. ముందు నవ్వులాట, తర్వాత అరుపులు, తర్వాత కాలరు. సాయంత్రానికి లెక్క కట్టి డబ్బులు చేతిలో పెట్టారు. ఓనరు చెడ్డవాడేం కాదట. "మీరు చేసింది రైటే హవల్దార్ గారూ, కానీ మాకు ఇంత రైటు వద్దు" అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు బాబాయి నవ్వుతాడు. పిన్ని నవ్వదు.

అందుకే సినిమాలో పాము సీను నాకు ఫైట్లన్నిటికంటే పెద్దది. కాలనీలోని సాండ్రా, మేస్ దంపతుల కొడుకు నేథన్ చిన్నప్పుడు పాము కాటేస్తే బతికి, మూగవాడైపోయాడు. ఒకరోజు పాము వాళ్ళ దగ్గరికి వస్తుంది. టాడ్ ఒక్క దెబ్బతో చంపెయ్యగలడు. చంపడు. పిల్లాడే ఎదుర్కోవాలని కూర్చుంటాడు. అమ్మానాన్నలు హడలిపోతారు, వీడు మా పిల్లాడికేం నేర్పుతున్నాడని. నేర్పాడు మరి, తనకు తెలిసిన ఒకే ఒక్క పాఠం. భయపడు, కదలకు, సమయం చూసి కొట్టు. తర్వాత ఒకసారి టాడ్‌కి పాత యుద్ధాలు కళ్ళముందు కదిలి, కాలనీ మనిషినొకణ్ణి శత్రువనుకుని చంపబోతాడు. ఊరంతా కలిసి వెళ్ళగొడుతుంది. వాడికీ, రిజిస్టరు చాపిన బాబాయికీ తేడా తక్కువ. ఇద్దరూ తప్పు చోట సరైన డ్యూటీ చేశారు. టాడ్ వెళ్ళిపోయాక ఒక రాత్రి అమ్మానాన్నల పడక దగ్గరికి పాము వస్తే, ఆ మూగపిల్లాడే కొడతాడు. పాతబడ్డవాడి విలువ ఏమిటో సినిమా నిజంగా చూపించింది ఇక్కడే. కొత్తవాణ్ణి ఓడించడంలో కాదు. ఆ సీన్లో కొత్తవాడే లేడు.

నీకు లోపల ఏమనిపిస్తుంటుంది అని సాండ్రా అడుగుతుంది. భయం, క్రమశిక్షణ అంటాడు టాడ్. ఇప్పుడు కూడానా అంటే ఎప్పుడూనే అంటాడు. అక్కడ బాబాయి మొహం చూడాలనుకున్నాను. వక్కపలుకు కొరుకుతున్నాడు, ఏమీ తెలియలేదు.

సినిమా చేసిన ఇంకో పెద్ద పొరపాటు మేకమ్. జాసన్ ఐజాక్స్ చక్కగా చేశాడు, అది వేరే సంగతి. కానీ మరీ కార్టూన్ విలన్. పిరికివాడు, క్రూరుడు, చివరికి తన తోటి ఆఫీసరు చర్చినే కాల్చేస్తాడు. ఇలాంటి వాడుంటే మనకి హాయి. వాణ్ణి చంపితే లెక్క సరిపోతుంది. నిజ జీవితంలో మేకమ్‌లు అరుదు. ఎక్కువమంది చర్చిలే. గ్యారీ బ్యూసీ వేసిన ఆ కెప్టెన్‌కి తన కుర్రాళ్ళంటే గర్వం. వాళ్ళ తరఫున వాదిస్తాడు, వాళ్ళకేమవుతుందో తెలిసి బాధపడతాడు. ఆ బాధతోనే మళ్ళీ డ్యూటీకి వస్తాడు. బాబాయిని స్టోర్స్‌కి వేసిన సుబేదారు సాబ్ కూడా మంచివాడేనట, ఆ రోజు తన కోటా రమ్ము తెచ్చి పోశాడట. విలన్ లేని కథ తియ్యడం కష్టమని తెలుసు. అయినా 6 కోట్ల డాలర్లు పెట్టినవాళ్ళు చర్చి మీద ఇంకో పది నిమిషాలు పెట్టుంటే ఇది మామూలు యాక్షన్ సినిమాగా మిగిలేది కాదు.

మనకి యంత్రాలకి వీడ్కోలు చెప్పడం బాగా వచ్చు. 1963లో వచ్చిన మిగ్-21ని 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సాగనంపారు. చివరిసారి గాల్లోకి లేపారు, దిగాక నీళ్ళ ఫిరంగులతో తడిపారు. టీవీలో చూస్తుంటే నాకే గొంతు పట్టుకుంది. ప్రమాదాలూ మరణాలూ ఎన్నో ఉన్న విమానం, అయినా అరవై రెండేళ్ళు మోసింది కదా అని. మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క వేరు. మామూలు జవానుకి పదిహేనేళ్ళ సర్వీసు నిండితే పెన్షన్. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ భర్తీ పథకంలో సర్వీసే నాలుగేళ్ళు. నలుగురిలో ఒక్కణ్ణి ఉంచుకుంటారు, మిగతా ముగ్గురికి పదకొండు లక్షల పైచిలుకు చేతిలో పెట్టి పంపిస్తారు, పెన్షన్ ఉండదు. దాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన గొడవలో జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు పోయాడు. సైన్యం కుర్రతనంతో ఉండాలన్న వాదనలో బలం లేదని నేననను. యుద్ధం ముసలివాళ్ళ ఆట కాదు. కానీ ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చున్నప్పుడు ‘బ్లేడ్ రనర్’లోని నాలుగేళ్ళ ఆయుష్షు గుర్తొచ్చింది. పోలిక సరైంది కాదు, తెలుసు. వాళ్ళు నాలుగేళ్ళకి చచ్చిపోతారు, వీళ్ళు ఇరవైల్లోనే ఇంటికొస్తారు. బాబాయి కూడా చూస్తున్నాడు. "నాలుగేళ్ళకి చేతివాటం కూడా కుదరదురా" అన్నాడు. అంతకుమించి రాజకీయం మాట్లాడలేదు.

సినిమాలో నేను పడిచచ్చేది ఇంకొకటుంది. క్లైమాక్స్. మేకమ్ హడలిపోయి, గ్రహాన్నే పేల్చేసే బాంబు బిగించమంటాడు. బిగించేదెవరు? మోతపనికి వేసిన టాడ్ పాత జట్టు. వాళ్ళు బయట బాంబు దగ్గర ఉండగానే ఓడ లేపెయ్యమంటాడు, వాళ్ళని వదిలేసి. అప్పుడు టాడ్ వస్తాడు. ఒక్క డైలాగు లేదు. పాత జట్టు అతన్ని చూస్తుంది. అతని వైపు నిలబడుతుంది. అంతే. వాళ్ళెవరూ కేన్‌తో కొట్లాడలేదు. ఏ పోటీలోనూ గెలవలేదు. మేకమ్ కొలబద్ద ప్రకారం సున్నాలు. కానీ ఆ ఓడ కదలాలంటే, తలుపు తెరుచుకోవాలంటే, కాలనీవాళ్ళు బతికి బయటపడాలంటే ఆ మోతగాళ్ళు కావాలి. బాబాయి మొదట్లో అడిగిన ‘మిగతావాళ్ళు’ వీళ్ళే. పదిహేడేళ్ళ వయసులో నాకు గుర్తులేనివాళ్ళు. సినిమా తీసినవాళ్ళకి కూడా సగం గుర్తుందేమో. పేర్లైనా సరిగ్గా వినబడవు. పీపుల్స్‌కి మాత్రం గుర్తుందనే నా నమ్మకం.

వాళ్ళందర్నీ ఎక్కించుకుని టాడ్ ఓడ లేపుతాడు, కింద మేకమ్ బాంబుతో పాటు పోతాడు. టాడ్ నేథన్‌ని ఎత్తుకుని, పోవాల్సిన దిక్కు వేలితో చూపిస్తాడు. సినిమా అయిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. బాబాయి లేచి లుంగీ సర్దుకుంటూ "అన్నీ బానే ఉన్నయ్ గానీ, వీడు రికార్డులో చచ్చిపోయాడు కదా. పెన్షన్ ఎలాగ?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. బాబాయి నవ్వించడానికే అన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంట్లో పెన్షనరు ఉన్నవాళ్ళకి ఈ నెల టెన్షన్ తెలుసు. ఇదివరకు బ్యాంకుకి వెళ్ళి మేనేజరుకి కనబడి సంతకం పెడితే సరిపోయేది. 2014 నుంచి వేలిముద్ర వేసి ఆన్‌లైన్లో పంపే పద్ధతి వచ్చింది. మంచిదే, మంచం మీదున్నవాళ్ళకి వరం. మొన్న నవంబరులో బాబాయినీ పిన్నినీ నేనే తీసుకెళ్ళాను, బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరుకి. ఇప్పుడు అరవై ఎనిమిది. కుర్రాడు చిన్న మిషన్ ముందుకు జరిపాడు. బాబాయి కుడి చూపుడువేలు పెట్టాడు. పడలేదు. తుడిచి పెట్టాడు. పడలేదు. బొటనవేలు. పడలేదు. పది వేళ్ళూ అయ్యాయి. మోర్స్ మీట మీద ఆడిన వేళ్ళని మిషన్ ఒక్కటీ గుర్తుపట్టలేదు. పొలం పనికి అరిగిపోయాయని కుర్రాడన్నాడు, నిజమే అయ్యుంటుంది. మధ్యలో సర్వర్ కోసం ఆగినప్పుడల్లా బాబాయి వేలు బల్ల మీద కొడుతోంది. డా డిట్ డా. మళ్ళీ డా డిట్ డా. ఏంటది అన్నాను. "నాది అయిపోయింది, ఇక నువ్వు పంపు అని" అన్నాడు.

కుర్రాడు ఓపికమంతుడు. "ఏం పర్లేదు అంకుల్, ఫేస్‌తో చేద్దాం" అని ఫోన్ తీశాడు. ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా ఇప్పుడుంది. బాబాయి లేచి నిలబడ్డాడు. మడమలు కలిశాయి, చేతులు ఒంటికి అతుక్కున్నాయి, గడ్డం లేచింది. ఫోటో అనగానే సావధాన్. ఫోన్ ముఖానికి గుండ్రంగా గీత గీసుకుంది. కాసేపటికి ఎర్రగా అయింది.

"రెప్ప వెయ్యండి అంకుల్. రెప్ప వేస్తేనే బతికున్న మనిషని తెలుస్తుంది దానికి. లేకపోతే ఫోటో అనుకుంటుంది."

బాబాయి చూపు నిటారుగా ఫోన్ వెనక గోడలోకి పోతోంది. రెండోసారీ ఎర్రగానే అయింది. మూడోసారీ అంతే.

"బాబాయ్, రెప్ప ఆడించు" అన్నాను.

"ఫోటోకి ఆడించకూడదు కదరా" అన్నాడు, పెదవి కదపకుండా.

నాలుగోసారి పిన్ని వెనకనుంచి వచ్చి వీపు మీద ఒక్కటేసింది. రెప్ప పడింది. ఫోన్లో ఆకుపచ్చ టిక్కు వచ్చింది.